ముందు ఉత్సాహమా, ముందు పనా? మానసిక స్తబ్ధతపై ఒక సమీక్ష

ఏడుపు రాదు. చెప్పుకోదగ్గ కష్టమూ ఉండదు. లేవడం, వంట, ఆఫీసు, పిల్లల ఫీజులు, నెలనెలా కట్టాల్సిన వాయిదాలు అన్నీ జరిగిపోతూనే ఉంటాయి. కానీ దేనిమీదా మనసు పోదు. ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ఆదివారం ఇప్పుడు ఎప్పుడైపోతుందా అనిపిస్తుంది. శుభలేఖ చేతికొస్తే సంతోషం కన్నా ముందు "ఇప్పుడు వెళ్ళాలా" అన్న బరువు తగులుతుంది. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే "ఏదో, నడుస్తోంది" అనడం తప్ప మరో మాట తోచదు.

ఈ స్థితి మీద చర్చ కొత్తదేమీ కాదు. అయితే గత రెండు మూడు దశాబ్దాల్లో అది బాగా చిక్కుపడింది. మనోవైద్యులు దీన్ని డిప్రెషన్ లక్షణాల్లో ఒకటిగా లెక్కిస్తారు. కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇది జబ్బు కాదు, ఆరోగ్యమూ కాదు, మధ్యలో ఉన్న వేరే స్థితి అంటారు. ఆలోచనలు సరిచేసుకోవాలని ఒకరు, పనిలో పడాలని ఒకరు, కృతజ్ఞత అలవరచుకోవాలని ఒకరు చెబుతారు. ఉద్యోగమూ తోడూ లేని మనిషికి ఈ సలహాలన్నీ ఎందుకని సామాజిక శాస్త్రవేత్తలు నిలదీస్తారు. ప్రతి వాదం వెనకా కొంత నిజం, కొంత ఆధారం ఉన్నాయి. ఆధారాలన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే మొగ్గు ఎటువైపో కొంతవరకు చెప్పవచ్చు. మనసు బాగుపడ్డాక పని మొదలుపెడదామని ఆగడమే ఈ స్థితిని సాగదీస్తోంది. అయితే "లేచి ఏదో ఒకటి చెయ్యి" అని చెప్పి మనిషిని ఒంటరిగా వదిలేసేవాళ్ళు ఆ ఆధారాల్లో సగమే చదివినట్టు.

పాత పేర్లు, పాత చికిత్సలు

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసుకున్న క్రైస్తవ సన్యాసుల్లో ఎవాగ్రియస్ అనే ఆయన ఈ స్థితిని చాలా దగ్గరగా గమనించి రాశాడు. దాన్ని 'అకీడియా' అన్నారు. మిట్టమధ్యాహ్నం పట్టుకునే భూతమనీ పిలిచారు. సూర్యుడు కదలనట్టే ఉంటాడు. సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు. ఎవరైనా వస్తే బాగుండుననిపిస్తుంది. ఉన్న చోటు, చేసే పని, బతికే తీరు అన్నిటిమీదా విరక్తి పుడుతుంది. ఆ తర్వాతి తరంలో జాన్ కాసియన్ ఈ సందర్భంలోనే పౌలు అనే వృద్ధ సన్యాసి గురించి చెప్పాడు. ఆయన ఉండేది ఊళ్ళకు వారం రోజుల నడక దూరంలో. చేసిన వస్తువు అమ్మాలన్నా రవాణా ఖర్చులు గిట్టవు. అయినా రోజూ తాటాకులు సేకరించి, లెక్క ప్రకారం పని చేసేవాడు. ఏడాది చివర గుహ నిండిపోతే అదంతా తగలబెట్టి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ పని ఆదాయం కోసం కాదు, మనసు నిలవడం కోసం.

మన దగ్గర పతంజలి యోగసూత్రాలు సాధనకు తొమ్మిది అంతరాయాలను చెబుతాయి. వ్యాధి తర్వాత రెండోది 'స్త్యానం', అంటే చిత్తం గడ్డకట్టి కదలకపోవడం. ఆలస్యాన్ని, అంటే సోమరితనాన్ని, అదే జాబితాలో విడిగా పెట్టడం గమనించాలి. మనసు గడ్డకట్టడమూ బద్ధకమూ ఒకటి కావని ఆ సూత్రకారుడికి తెలుసు. నేటికీ చాలా ఇళ్ళలో ఈ తేడా తెలియకే, మూల కూర్చున్న కొడుకునో కోడలినో బద్ధకస్తులని తిట్టిపోస్తున్నారు.

బౌద్ధం చెప్పే ఐదు నీవరణాల్లో, అంటే ధ్యానానికి అడ్డుపడేవాటిలో, 'స్త్యాన మిద్ధం' ఒకటి. పాలీ సుత్తాల్లో బుద్ధుడు తన శిష్యుడు మొగ్గల్లానుడికి మగతను వదిలించుకునే ఉపాయాలు వరుసగా చెబుతాడు. ఆలోచన మార్చుకో, నేర్చుకున్నది వల్లెవెయ్యి, చెవులు లాగి ఒళ్ళు రుద్దుకో, లేచి కళ్ళు నీళ్ళతో కడుక్కుని నక్షత్రాలకేసి చూడు, అటూ ఇటూ నడువు. ఇవేవీ పనిచేయకపోతే, ఎరుకతో పడుకో. ఆ చివరి మాటలో ఎంతో దయ ఉంది. ప్రయత్నం ఫలించనప్పుడు మనిషిని నిందించకుండా విశ్రాంతి తీసుకోమనడం తర్వాతి కాలపు వైద్యానికి కూడా అంత తొందరగా పట్టుబడలేదు. ఇక ఆయుర్వేదంలో చరకుడు జబ్బును పెంచేవాటిలో విషాదానికే మొదటి స్థానం ఇచ్చాడు.

ఈ సంప్రదాయాలు ఒకదానికొకటి దూరంగా పుట్టినా, స్తబ్ధతను శరీరంతో, దినచర్యతో, చేతి పనితో ఎదుర్కోవాలన్న దగ్గర కలుస్తాయి. క్రైస్తవ సంప్రదాయంలో మాత్రం కాలక్రమాన అకీడియా సోమరితనంగా, పాపంగా మారింది. నైతిక దోషమన్న ఆ ముద్ర ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

వైద్యం చేతికి వచ్చాక

1896లో ఫ్రెంచి మనస్తత్వ శాస్త్రవేత్త తెయోడ్యూల్ రిబో సుఖాన్ని అనుభవించలేని స్థితికి 'అన్‌హెడోనియా' అని పేరుపెట్టాడు. 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం మూడో ముద్రణను వెలువరించినప్పటి నుంచి ఆసక్తి, ఆనందం పోవడం డిప్రెషన్‌కు కీలక లక్షణంగా నిలిచిపోయింది. ఇప్పటి ప్రమాణం ప్రకారం తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు ఉండాలి. వాటిలో దిగులు గానీ, ఆసక్తి పోవడం గానీ ఒకటై ఉండాలి. అంటే ఏడుపు, దిగులు ఏమాత్రం లేకుండానే డిప్రెషన్ ఉండవచ్చు. ఈ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. 2001 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో మొదటి ప్రశ్నే పనుల మీద ఆసక్తి తగ్గిందా అని.

మరి ఐదు లక్షణాలు లేనివాళ్ళ మాటేమిటి? ఈ ప్రశ్న 2002లో కోరీ కీస్ అనే సామాజిక శాస్త్రవేత్త వల్ల ముందుకొచ్చింది. జబ్బు లేకపోవడం, బాగుండటం ఒకే గీతకు రెండు చివరలు కావని, అవి రెండు వేరు గీతలని ఆయన వాదం. 25 నుంచి 74 ఏళ్ళ మధ్య ఉన్న 3,032 మంది అమెరికన్ల మీద 1995లో జరిగిన సర్వేను పరిశీలిస్తే, 17.2 శాతం మంది వికసించిన స్థితిలో, 12.1 శాతం మంది డిప్రెషన్ లేకపోయినా నిస్తేజంగా ఉన్నట్టు తేలింది. నిస్తేజంగా ఉన్నవాళ్ళకు తీవ్రమైన డిప్రెషన్ వచ్చే అవకాశం వికసించినవాళ్ళతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు. 2021 ఏప్రిల్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆడమ్ గ్రాంట్ న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసంతో ఈ భావన కోవిడ్ కాలపు మనుషులకు అద్దంలా దొరికింది. దీన్ని విడిగా గుర్తించాల్సిన పని లేదు, ఇది స్వల్పస్థాయి డిప్రెషనే అనే అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

వైద్యవర్గం నుంచి వచ్చిన మరో హెచ్చరిక ఈ చర్చలో తరచూ మరుగున పడుతుంది. థైరాయిడ్ మందగించడం, రక్తహీనత, బి12 లోపం, నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండటం, ఇవన్నీ మనసు మొద్దుబారినట్టే కనిపిస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్న మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. "ఒంట్లో ఓపిక లేదు, దేనిమీదా మనసు లేదు" అనే ఆడమనిషికి ధ్యానం గురించి చెప్పే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ (టీఎస్‌హెచ్) పరీక్షలు చేయించడం ధర్మం. కొన్ని డిప్రెషన్ మందులు వాడేవాళ్ళలో చాలామంది దిగులుతో పాటు సంతోషం కూడా పలచబడిందని చెబుతారు. అది మందు ప్రభావమా, మిగిలిన జబ్బా అని తేల్చాల్సింది డాక్టరే. సొంతంగా మందు మానేయడం ప్రమాదం.

ఆలోచన మారాలనే వాదం

ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టి 1979 నాటికి పూర్తి చికిత్సగా మలచిన సిద్ధాంతం ఇది. నా వల్ల కాదు, లోకం ఇంతే, ఇకముందు కూడా ఇంతే అనే ఆలోచనల తీరు మనసును కుంగదీస్తుంది కాబట్టి వాటిని సాక్ష్యాలతో పరీక్షించి సరిచేయాలంటుంది. దీన్నుంచి ఎదిగిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి ఉన్నన్ని ఆధారాలు మరే మానసిక చికిత్సకూ లేవు. 1990లలో సూజన్ నోలెన్-హోక్సెమా, ఒకే విషయాన్ని నెమరేసుకుంటూ కూర్చోవడమే దిగులును పొడిగిస్తుందని చూపారు. ఆ తర్వాత సీగల్, విలియమ్స్, టీజ్‌డేల్ ముగ్గురూ ఆలోచనతో పోట్లాడకుండా దాన్ని వచ్చిపోయేదిగా చూడటం నేర్పే పద్ధతిని రూపొందించారు. మాటిమాటికీ డిప్రెషన్ తిరగబెట్టేవాళ్ళలో దానికి మంచి ఫలితాలున్నాయి.

స్తబ్ధత విషయంలో మాత్రం ఈ వాదానికి ఓ ఇబ్బంది ఉంది. దిగులుపడే మనిషికి పట్టుకుని పరీక్షించదగ్గ ఆలోచనలుంటాయి. మొద్దుబారిన మనిషికి చాలాసార్లు ఆలోచనే ఉండదు.

పని మొదలవ్వాలనే వాదం

1973లో ఛార్లెస్ ఫెర్‌స్టర్ డిప్రెషన్‌ను లోపలి నుంచి కాక బయటి నుంచి చూశాడు. మనిషి చేసే పనులు తగ్గాయి, కాబట్టి ఆ పనుల వల్ల తిరిగి అందే సంతృప్తి తగ్గింది, సంతృప్తి తగ్గడంతో పనులు ఇంకా తగ్గాయి. పీటర్ లెవిన్‌సన్ ఈ వలయాన్ని తెంచడానికి పనులను టైమ్‌టేబుల్‌లో పెట్టే పద్ధతి తయారుచేశాడు. చాలాకాలం దీన్ని బెక్ చికిత్సలో చిన్న భాగంగానే చూశారు.

మలుపు 1996లో వచ్చింది. నీల్ జేకబ్‌సన్ బృందం బెక్ చికిత్సను ముక్కలుగా విడదీసి, పనుల భాగం ఒక్కటే ఒక గుంపుకి, చికిత్స మొత్తం మరో గుంపుకి ఇచ్చింది. ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పదేళ్ళ తర్వాత సోనా డిమిడ్జియన్ బృందం చేసిన ప్రయోగంలో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఈ పద్ధతి మందులతో సమానంగా నిలిచింది. 2016లో ఇంగ్లండ్‌లో 440 మంది మీద జరిపిన ప్రయోగం మరో మెట్టు ఎక్కింది. ఎక్కువ శిక్షణ లేని జూనియర్ ఆరోగ్య కార్యకర్తలు ఈ పద్ధతితో ఇచ్చిన చికిత్స, అనుభవజ్ఞులైన సైకోథెరపిస్టులు ఇచ్చిన కాగ్నిటివ్ థెరపీకి తీసిపోలేదు. ఖర్చు తక్కువైంది.

పద్ధతి ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. నడివయసు గృహిణి ఒకావిడ వారం రోజుల పాటు గంటగంటకీ ఏం చేసిందో నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ప్రతి పని పక్కనా రెండు అంకెలు వేస్తుంది. ఎంత హాయిగా ఉంది, చేయగలిగానన్న తృప్తి ఎంత, రెండూ సున్నా నుంచి పదికి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఫోను చూస్తూ పడుకోవడం: హాయి 2, తృప్తి 0. తప్పదని వెళ్ళి తెచ్చిన కూరగాయలు: హాయి 3, తృప్తి 5. పక్కింటి పిల్లకి జడ వెయ్యడం: హాయి 6. వెళ్ళకముందు ఇదీ సున్నాయే అనుకుంది. వారం చివర ఆ కాగితం చూస్తే తను ఏం తప్పించుకుంటోందో, దేన్ని చేస్తే కాస్త కదులుతోందో తెలుస్తుంది. అప్పుడు మంగళవారం నాలుగింటికి ఫలానా పని, పావుగంట, మనసు ఎలా ఉన్నా సరే అని రాసుకుంటారు. ఆ పని ఆమె విలువిచ్చేదై ఉండాలి. ఎవరో చెప్పిన జాగింగ్ కానక్కర్లేదు.

చేశాక బాగుంటుందని తెలిసినా చేయబుద్ధి కాకపోవడానికి నాడీశాస్త్రంలో కొంత వివరణ ఉంది. కావాలనిపించడం, దొరికాక నచ్చడం మెదడులో వేరువేరు వ్యవస్థల పనులని కెంట్ బెర్రిడ్జ్ పరిశోధనలు చూపాయి. స్తబ్ధతలో చాలామందికి ముందు దెబ్బతినేది ఆ కోరిక, ఎదురుచూపు. నచ్చే శక్తి కొంత మిగిలే ఉంటుంది. పిలుపు వచ్చినప్పుడు వెళ్ళబుద్ధి కాని పెళ్ళిలో, పంక్తిలో కూర్చుని చుట్టాలతో మాట్లాడుతుంటే కాస్త నవ్వు రావడం ఇందుకే.

ఇంకో కీలకమైన దిద్దుబాటు 2016లో జరిగింది. తప్పించుకోలేని షాక్‌లు తిన్న కుక్కలు తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలవని 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మైయర్ చూపి, దాన్ని నేర్చుకున్న నిస్సహాయత అన్నారు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తలకిందులు చేశారు. దీర్ఘమైన బాధకు చేష్టలుడిగి ఉండిపోవడం మెదడు సహజ స్పందన, అది నేర్చుకున్నది కాదు. నేర్చుకునేది రెండోది: నా చేతుల్లో ఏదో ఉంది అన్న ఎరుక. ఈ మాట నిజమైతే స్తబ్ధతలో ఉన్న మనిషి ఏ తప్పూ చేయలేదు. ఆ మనిషికి కావాల్సింది, చేస్తే ఫలితం కనిపించే చిన్న పనులు, అవి మళ్ళీ మళ్ళీ. ఈ సమీక్షలో ఇంతకన్నా ఊరటనిచ్చే విషయం మరొకటి లేదు.

వ్యాయామాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1999లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో 50 దాటిన 156 మంది మీద జరిగిన ప్రయోగంలో, 16 వారాల వ్యాయామం మందుతో సమానంగా పనిచేసింది. 2024లో 218 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలో నడక, యోగా, బరువులతో చేసే వ్యాయామం మంచి ఫలితాలిచ్చాయి. అయితే ఆ ప్రయోగాల నాణ్యత చాలావరకు బలహీనం.

ఆనందాన్ని పెంచాలనే వాదం

1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా సెలిగ్‌మన్, మనస్తత్వ శాస్త్రం జబ్బుల దగ్గరే ఆగిపోయిందని, బాగుండటాన్ని కూడా చదవాలని పిలుపునిచ్చారు. కృతజ్ఞతా డైరీలు, మంచిపనులు, బలాల గుర్తింపు వంటివి ఆ ఉద్యమం నుంచి వచ్చినవే. వాటికి ఫలితం ఉంది, కానీ చిన్నది. ఉద్యమం పెద్ద మాటలు చెప్పిన చోట ఎదురుదెబ్బలు తిన్నది. సానుకూల భావాలు ప్రతికూల భావాలకన్నా సుమారు మూడు రెట్లు ఉంటే మనిషి వికసిస్తాడంటూ 2005లో బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, మార్షల్ లొసాడా ఒక గణిత నిష్పత్తి ప్రకటించారు. 2013లో నికొలాస్ బ్రౌన్, అలన్ సోకల్, హ్యారిస్ ఫ్రీడ్‌మన్ ఆ గణితానికి పునాదే లేదని నిరూపించారు. అప్పటికే ఆ నిష్పత్తి పుస్తకాల్లో, వర్క్‌షాపుల్లో ప్రపంచమంతా తిరిగింది.

మనిషి మంచికైనా చెడుకైనా అలవాటుపడి పాత స్థాయికే చేరతాడని 1970లలో ఫిలిప్ బ్రిక్‌మన్ చెప్పిన సంగతి కూడా తర్వాత సవరణకు గురైంది. జర్మనీలో ఏళ్ళ తరబడి అవే కుటుంబాలను అనుసరించిన సర్వేల ఆధారంగా, ఉద్యోగం పోయినవాళ్ళు మళ్ళీ ఉద్యోగం దొరికాక కూడా సగటున మునుపటి సంతృప్తికి చేరలేదని 2004లో తేలింది. కొన్ని దెబ్బలకు మనిషి అలవాటుపడడు.

మనిషి చుట్టూ ఉన్నది మారాలనే వాదం

వియన్నాకు దగ్గర్లో మారియెంతాల్ అనే ఊరు. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. 1929లో మొదలై 1930 కల్లా ఆ మిల్లు పూర్తిగా మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ ట్సైజెల్ ఆ ఊరి మీద చేసిన అధ్యయనం 1933లో అచ్చయింది. పని లేనివాళ్ళకు తీరిక దొరికింది కాబట్టి చదువుతారు, రాజకీయాలు మాట్లాడతారు అని అప్పటి ఆశ. జరిగింది వేరు. లైబ్రరీ రుసుము తీసేసినా పుస్తకాలు తీసుకెళ్ళడం సుమారు సగానికి పడిపోయింది. చాలామంది మగవాళ్ళు గడియారం పెట్టుకోవడం మానేశారు. పరిశోధకులు పెద్దవీధిలో నడిచేవాళ్ళ వేగాన్ని కొలిస్తే, మగవాళ్ళు ఆడవాళ్ళకన్నా నెమ్మదిగా నడుస్తూ, ఊరికే ఆగిపోతున్నారు. ఇంటి చాకిరీ ఉన్న ఆడవాళ్ళకు రోజు ఇంకా రోజులాగే ఉంది. అయినా చాలామంది మళ్ళీ మిల్లుకు వెళ్ళాలనే కోరుకున్నారు, అదీ డబ్బు కోసం మాత్రమే కాదు.

యహోదా తర్వాత దశాబ్దాల పాటు చెప్పిన మాట ఇదే. ఉద్యోగం జీతంతో పాటు సమయానికి ఒక ఆకారం, ఇంటి బయట మనుషులు, ఉమ్మడి లక్ష్యం, నలుగురిలో స్థానం, తప్పనిసరి కదలిక ఇస్తుంది. అవన్నీ పోయినప్పుడు మనసు ఆగిపోవడంలో వింత లేదు. 1978లో జార్జ్ బ్రౌన్, టిరిల్ హ్యారిస్ లండన్‌లోని క్యాంబర్‌వెల్ మహిళల మీద చేసిన అధ్యయనం దీనికి మరో పక్క చూపింది. కష్టం వచ్చినప్పుడు డిప్రెషన్‌లోకి జారేవాళ్ళలో మనసు విప్పి చెప్పుకునే తోడు లేకపోవడం, ఇంట్లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ముగ్గురో ఆపైనో ఉండటం, బయట ఉద్యోగం లేకపోవడం, పదకొండేళ్ళ లోపే తల్లిని పోగొట్టుకోవడం ఎక్కువ. పిల్లలు అమెరికాలో, తాము విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉన్న పెద్దవాళ్ళకు, డిగ్రీ చేతికొచ్చి నాలుగేళ్ళుగా పోటీ పరీక్షల నోటిఫికేషన్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఎదురుచూసే యువతకు మారియెంతాల్ వీధి అంత దూరమేమీ కాదు.

స్తబ్ధతే ఒక సూచన అనే వాదం

1975లో ఎరిక్ క్లింగర్, తర్వాత రాండల్ఫ్ నెసె వంటివాళ్ళు వేరే ప్రశ్న వేశారు. అందని లక్ష్యం వెంట పరిగెత్తడం ఆపడానికి ప్రకృతి ఇచ్చిన బ్రేకు ఇది కాకూడదా? నచ్చని ఉద్యోగంలోనో, ఊపిరాడని కాపురంలోనో ఉన్న మనిషికి ఉత్సాహం తగ్గడం లోపమేమీ కాకపోవచ్చు, సమాచారం కావచ్చు. ఈ వాదాన్ని ప్రయోగంతో నిరూపించడం కష్టం. తీవ్రమైన డిప్రెషన్‌కు వర్తింపజేస్తే ప్రమాదం కూడా. కానీ ఏ పనిలో పడాలో నిర్ణయించే ముందు, ఏ పని మానాలి అన్న ప్రశ్నను ఇది గుర్తుచేస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

కారణం ఎక్కడుందన్న దగ్గర ఈ వాదాలు విడిపోతాయి. బెక్ వారసులకు అది ఆలోచనలో ఉంది, ఫెర్‌స్టర్ వారసులకు మనిషికీ పరిసరాలకీ మధ్య తెగిన లంకెలో, యహోదాకు మూతపడ్డ మిల్లులో. ఆధారాల బలం చూస్తే మొదటి రెండూ ముందున్నాయి. అందుబాటు చూస్తే పనుల పద్ధతిదే పైచేయి. నేర్పడం తేలిక, చదువు రానివాళ్ళతోనూ చేయవచ్చు. ఆనందవాదం తేలికపాటి నిస్తేజానికి కొంత సాయం చేస్తుంది గానీ జబ్బు మీద దాని పట్టు తక్కువ. సామాజిక వాదం కారణాలను అందరికన్నా బాగా చూపిస్తుంది, రేపు పొద్దున ఏం చేయాలో చెప్పదు.

లోతుగా చూస్తే పనుల వాదమూ సామాజిక వాదమూ ఒకదాన్నొకటి కోరుకుంటాయి. టైమ్‌టేబుల్ రాసిచ్చే పద్ధతి, ఉద్యోగం ఇచ్చే సమయపు ఆకారాన్నే చిన్న మోతాదులో తిరిగి కడుతోంది. వారం వారం వచ్చి "మంగళవారం పని అయిందా?" అని అడిగే మనిషి, క్యాంబర్‌వెల్ మహిళలకు లేని తోడుకు చిన్న రూపం. ఆ మనిషి లేకుండా కాగితం ఒక్కటే పనిచేస్తుందనుకోవడం ఈ రంగంలో జరుగుతున్న పెద్ద పొరపాటు.

గోవా నుంచి పశ్చిమ గోదావరి దాకా

మన దేశంలో ఈ పనుల పద్ధతికి గట్టి పరీక్ష గోవాలో జరిగింది. సంగత్ సంస్థతో కలిసి విక్రమ్ పటేల్ బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఒక మోస్తరు తీవ్రం నుంచి తీవ్రస్థాయి దాకా డిప్రెషన్ ఉన్న 495 మందితో ప్రయోగం చేసింది. చికిత్స ఇచ్చింది డాక్టర్లు కారు. ఈ రంగంలో ముందు చదువేమీ లేని, శిక్షణ పొందిన స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసి, పైన చెప్పిన పనుల పద్ధతినే నేర్పారు. అవసరమైతే ఇంటికి వెళ్ళారు. మూడు నెలలకు చికిత్స పొందినవాళ్ళలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో అది 39 శాతం. ఏడాది తర్వాత కూడా తేడా నిలిచింది. పనుల్లో చురుకుదనం పెరగడమే ఆ మెరుగుదలకు ఒక కారణమని విశ్లేషణలో తేలింది.

తెలుగు నేల మీద పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మానసిక ఒత్తిడి ఉన్నవాళ్ళను గుర్తించారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు దగ్గరికి పంపారు, మళ్ళీ వెళ్ళి వాకబు చేశారు. తర్వాత హర్యానా గ్రామాలను కూడా కలిపి జరిపిన పెద్ద ప్రయోగంలో ఏడాది చివర డిప్రెషన్ స్థాయి తగ్గింది, మానసిక జబ్బంటే ఉన్న చిన్నచూపూ తగ్గింది. అయితే 2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, స్తబ్ధత వారాల తరబడి తిండిని, నిద్రను, పనిని మింగేస్తున్నా, స్వయంకృషి మీద ఆధారపడకుండా డాక్టరును కలవాల్సిందే.

తేలని ప్రశ్నలు

నిస్తేజం విడి స్థితా, డిప్రెషన్‌కు ముందు మెట్టా అన్నది తేలలేదు. దీని పర్యవసానం చిన్నది కాదు. విడి స్థితైతే బడుల్లో, ఆఫీసుల్లో ముందుగానే పలకరించడం మేలు. కాకపోతే మామూలు విసుగును కూడా జబ్బుగా ముద్రవేసే ప్రమాదం ఉంది.

ఇన్ని రకాల చికిత్సలు దాదాపు ఒకే స్థాయి ఫలితం ఎందుకిస్తున్నాయన్నది రెండోది. పద్ధతి పనిచేస్తోందా, శ్రద్ధగా వినే మనిషి ఎదురుగా కూర్చోవడం పనిచేస్తోందా? కోరిక, ఎదురుచూపుల వ్యవస్థనే నేరుగా లక్ష్యం చేసుకుని మిషెల్ క్రాస్కె బృందం రూపొందించిన చికిత్స 2019 ప్రయోగంలో, దిగులు తగ్గించే మామూలు చికిత్సకన్నా మెరుగైన ఫలితం ఇచ్చింది. అలాంటివి మరిన్ని జరిగితేనే ఈ ముడి వీడుతుంది.

మూడోది మన కొలబద్దల గురించి. పీహెచ్‌క్యూ-9కు తెలుగు అనువాదం ఉంది. కానీ గుండె దడ, ఒళ్ళు లాగడం, తల బరువు అంటూ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి సెలైన్ పెట్టించుకునే మనిషి ఆసక్తి తగ్గిందా అన్న ప్రశ్నకు లేదనే చెప్పవచ్చు. ఇంట్లో తన ఇష్టం ఏమిటని ఎన్నడూ ఎవరూ అడగని స్త్రీకి ఆ ప్రశ్నే కొత్త.

అన్నిటికన్నా కష్టమైనది అమలు ప్రశ్న. గర్భిణుల నమోదు, టీకాలు, క్షయ కేసులు, రకరకాల సర్వేలు అన్నీ ఇప్పటికే ఆశా కార్యకర్తల భుజాల మీదే ఉన్నాయి. గోవాలో పనిచేసిన పద్ధతికి ఒక్కో మనిషి దగ్గర అరగంట చొప్పున ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చునే తీరిక కావాలి, తప్పు జరిగితే దిద్దే పర్యవేక్షణ కావాలి. ఆ పని ఆశాలకే అప్పగించాలా, గ్రామ సచివాలయాల స్థాయిలో కొత్త కొలువు సృష్టించాలా, స్వయం సహాయక సంఘాల్లోంచి ఆసక్తి ఉన్న మహిళలను తీసుకుని జీతమిచ్చి శిక్షణ ఇవ్వాలా అన్నది రెండు తెలుగు రాష్ట్రాలూ నిర్ణయించుకోవాల్సి ఉంది.